పదిహేను తర్వాత సున్నా

“ఎంత తెలివైన పెట్టె అమ్మాయ్ మీది,” అంది అత్తయ్య ఆ పొద్దున, పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ. “నేనెత్తుకుంటే అరవదు. పిల్ల నా దగ్గరుందని దానికి తెలుసు.”

అప్పుడు నేను నోట్లో క్లిప్పు పెట్టుకుని జడ వేసుకుంటూ, పొయ్యి మీద పాలసీసాలు మరుగుతున్న గిన్నెను ఓ కంట కనిపెడుతూ, చెప్పులు ఎక్కడున్నాయో కాలితో వెతుక్కుంటున్నాను. బస్సు వెళ్లిపోయే వేళ. “ఔనత్తయ్యా” అన్నాను. ఆ మాట చెవిలో పడింది గాని బుర్రదాకా పోలేదు. మధ్యాహ్నం పనిచేసేచోట అది బుర్రకెక్కేసరికి నా కాళ్ల కింద నేల లేదు.

పాప నెలలు నిండకముందే పుట్టింది. పుట్టినప్పుడు నా అరచేయి, మణికట్టు కలిపితే ఎంతో అంతే. ఇంటికి పంపేటప్పుడు పిల్లల వార్డు డాక్టరు ఒక మాట చెప్పారు. ఇలా ముందే పుట్టినవాళ్లు నిద్రలో ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మర్చిపోతారట. కాసేపటికి వాళ్లకే గుర్తొస్తుందట. అయిదు లెక్కపెట్టేలోపు వస్తే పట్టించుకోవద్దు, పది అయినా కంగారు పడొద్దు, ఇరవై అయితే మాత్రం ఎత్తుకుని అరికాలు తట్టమన్నారు. ఆయన మందుల చీటీ రాస్తూ, తల ఎత్తకుండా, మామూలుగానే చెప్పారు. నాకు మాత్రం ఆ ఇరవై పచ్చబొట్టు పొడిచినట్టు దిగిపోయింది.

అప్పటినుంచి నా నోరు ఊరికే ఉండదు. పాప పొట్ట కిందికి దిగగానే ఒకటి, రెండు, మూడు, మళ్లీ పైకి లేచేదాకా. వంట చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆ లెక్క ఆగదు. బస్సులో ఎదురుసీట్లో కునుకు తీస్తున్న పెద్దాయన ఊపిరికి కూడా లెక్కపెట్టి, పదకొండు దాకా పోయాక భుజం తట్టి లేపి, నలుగురిలో తిట్లు తిన్నాను. మా ఆయన లారీ మీద ఉంటారు. ఇంట్లో కన్నా దారిలోనే ఎక్కువ. ఫోన్ చేసినప్పుడు పాప ఎలా ఉందని అడగరు, ఎంతదాకా లెక్కపెట్టావని అడుగుతారు. నవ్వుతూనే అడుగుతారు గాని, పెట్టేసేముందు “చూస్తుండు” అనడం మాత్రం మానరు.

నేను పనిచేసేది టైర్ల కొట్టు పైనున్న రెండు గదుల్లో. మేం తయారుచేసేది ఊపిరి పెట్టెలు. పిల్లల పరుపు కింద పలచటి అట్ట ఒకటి ఉంటుంది. పిల్ల పొట్ట కదిలినప్పుడల్లా ఆ అట్టకు తెలుస్తుంది. పక్కనున్న పెట్టె లెక్కపెడుతూ ఉంటుంది. కదలిక వస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. కదలిక రాకుండా గడువు నిండితే గంట. నా నోరు చేసే పనే, కాకపోతే ఆ పెట్టె ఎవరి చేతా తిట్లు తినకుండా చేస్తుంది.

యజమానిని అందరూ చిప్పన్న అంటారు. ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండదు, చిప్పులుంటాయి. ఉతికి ఆరేసిన చొక్కాలోంచి కూడా ఒకటో రెండో రాలతాయి. తయారైన పెట్టెలను పరీక్ష చేసేది బెల్లక్క. పొద్దస్తమానం గంటలు మోగించడమే ఉద్యోగం కాబట్టి ఆమెకా పేరు. ఆమె బల్ల మీద ఒక రబ్బరు తిత్తి ఉంటుంది. చిన్న మోటారు దాన్లోకి గాలి కొడుతూ తీస్తూ ఉంటే అచ్చం పసిపిల్ల పొట్టలా లేచి దిగుతుంది. తిత్తిని అట్ట మీద పెట్టి, మోటారు ఆపి, గంట మోగగానే పెట్టె మీద ఒక పచ్చచుక్క అంటించి పక్కకు జరుపుతుంది బెల్లక్క. పచ్చచుక్క పడిందంటే ఇక దాని జోలికి ఎవరూ పోరు.

నేను డిప్లొమా మధ్యలో ఆపేసినదాన్ని. సి భాషలో స్ట్రక్చర్ల పాఠం అయిపోయి ఫైళ్ల పాఠం మొదలయ్యేలోపు నాకు వేవిళ్లు మొదలయ్యాయి. ఆ పాఠం ఇప్పటికీ నా కోసం అక్కడే కూర్చుని ఉంది. ఇక్కడ మొదట్లో వైర్లకు టంకం పెట్టేదాన్ని. ఒకరోజు చిప్పన్న తల పట్టుకుని కూర్చుంటే ఏమైందని అడిగాను. సాయంత్రం పడుకోబెట్టినప్పటినుంచి తెల్లారేదాకా పిల్ల ఊపిరి ఎలా నడిచిందో మొత్తం పెట్టెలోనే దాచిపెట్టాలని వార్డు డాక్టరు అడిగారట. చిప్పులో ఉన్న జాగా మధ్యలోనే నిండిపోతోందట. పెద్ద చిప్పు వేద్దామంటే అది ఈ పెట్టెలో పట్టదు, పెట్టె మారిస్తే అన్నీ మార్చాలి.

ఆయన రాసుకున్న స్ట్రక్చర్, అంటే ఏ సంగతికి ఎంత జాగానో చెప్పే పట్టీ, చూశాను. ఒక్కోసారి దాచాల్సినవి అయిదు సంగతులు: నిమిషానికి ఎన్ని ఊపిర్లు, చివరి ఊపిరి తీసి ఎంతసేపైంది, గంట మోగిందా, అట్ట తగిలించి ఉందా, బ్యాటరీ ఎంత మిగిలింది. అయిదింటికీ అయిదు ఇంటులు ఇచ్చేశారు. ఒక్కో ఇంటు అంటే ముప్ఫైరెండు బిట్లు. గంట మోగిందా అన్నదానికి కావలసింది ఔను, కాదు, అంతే. ఒక్క బిట్టు చాలు. దానికి ముప్ఫైరెండు గదుల బంగళా ఇచ్చి, ఒక్క గదిలో దీపం పెట్టి, మిగతా అన్నిటికీ తాళాలేశారాయన.

నాకు ఒళ్లు మండింది. మాది ఒకటే గది, వంటకి ఒక మూల. మంచం కింద పెట్టెలు, పెట్టెల్లో గిన్నెలు, గిన్నెల్లో పాప సాక్సులు. అలాంటి కొంపలో కాపురం చేసేదానికి ఖాళీ గదులు చూస్తే ఊరుకోబుద్ధి కాదు. పుస్తకంలో చదివిన బిట్‌ఫీల్డులు గుర్తొచ్చాయి. స్ట్రక్చర్‌లో పేరు పక్కన రెండు చుక్కలు పెట్టి, దానికి ఎన్ని బిట్లు చాలో ఆ అంకె వేస్తే చాలు. కంపైలర్ అన్నిటినీ ఒకదాన్ని ఒకటి ఆనించి సర్దేస్తుంది. ఊపిర్లకి ఏడు బిట్లిచ్చాను, నూట ఇరవై ఏడు దాకా పడతాయి, ఏ పిల్లకైనా ధారాళం. గంటకి ఒకటి, అట్టకి ఒకటి, బ్యాటరీకి మూడు. చివరి ఊపిరి తీసి ఎంతసేపైందన్న లెక్కకి నాలుగు. నాలుగు బిట్లలో సున్నా నుంచి పదిహేను దాకా పడుతుంది. అప్పట్లో పెట్టె రెండు సెకన్లకి ఒకసారి లెక్క వేసేది. పది లెక్కలైతే ఇరవై సెకన్లు, పది దగ్గర గంట. పదిహేను దాకా చోటుంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

మొత్తం పదహారు బిట్లు. ఇరవై బైట్లు మింగేది రెండు బైట్లకి దిగింది. ఒక్క బిట్టు మిగల్లేదు, ఒక్కటి తక్కువ పడలేదు. చిప్పన్న తెర మీద ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచారు. ఇల్లు ఇరకటం అని సామెత మొదలుపెట్టి, సగంలో నాలుక కరుచుకున్నారు. మిగతా సగం ‘ఆలి మర్కటం’ అని బెల్లక్క కింద టైర్ల కొట్టుకి కూడా వినపడేలా పూర్తిచేసింది. ఆ రోజు నుంచి నా టంకం పని పోయి, నాకొక కంప్యూటరు వచ్చింది.

ఆ తర్వాత వార్డు డాక్టరుకి ఇంకో కోరిక పుట్టింది. రెండు సెకన్ల లెక్క మోటుగా ఉంది, సెకనుకోసారి కావాలన్నారు. చిప్పన్న అలాగే మార్చి, గడువు పది నుంచి ఇరవైకి పెంచారు. ఆ సంగతి మా ఇద్దరికీ చెప్పారు కూడా. చెప్పినప్పుడు నేను టీ గ్లాసులు కడుగుతున్నాను, బెల్లక్క అన్నం తింటోంది. ఇద్దరం తలలూపాం.

ఆ కొత్త లెక్కతో తయారైన మొదటి పెట్టెను చిప్పన్న నా చేతిలో పెట్టారు. మీ పాపకే ముందు, అన్నారు. ఆ రోజు బస్సులో దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అది వచ్చాక నా నోరు మూతబడింది. పాప పుట్టాక మొదటిసారి నిద్రపోయాను. ఎలాంటి నిద్రంటే, పక్కింటివాళ్లు గోడకి మేకులు కొట్టినా కదల్లేదట. పగలు పాపను చూసుకునే అత్తయ్యకి కూడా ధైర్యం చెప్పాను. అదివరకు ఆవిడ పాప మంచం దగ్గరనుంచి కదిలేది కాదు. గంట డాబా మీదికి కూడా వినపడుతుంది, పాప పడుకున్నప్పుడు వెళ్లి బట్టలు ఆరేసుకోండి, కాస్త గాలి పీల్చుకోండి అని నేనే పంపడం మొదలుపెట్టాను.

పాపను ఎత్తుకునేముందు మీట ఆపమని, లేకపోతే ఖాళీ పరుపుకి గంట మోగుతుందని పెట్టెతో ఇచ్చిన కాగితంలో ఉంది. నేను ప్రతిసారీ ఆపే ఎత్తుకునేదాన్ని. అత్తయ్యకి మీటలంటే భయం. ఆవిడ అలాగే ఎత్తేసుకునేది.

అత్తయ్య ఆ మాటన్న రోజే, కొత్త లెక్కతో వార్డుకి వెళ్లాల్సిన మొదటి విడత పెట్టెలన్నీ సాయంత్రం వ్యాను ఎక్కాలి. నేను బెల్లక్క పక్కన కూర్చుని లేబుళ్లు అంటిస్తున్నాను. తిత్తి లేస్తోంది, దిగుతోంది. కళ్లు లేబుళ్ల మీదే ఉన్నా, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, నా నోరు దాని వెంట పోతోంది. బెల్లక్క మోటారు ఆపింది. ఒకటి, రెండు, మూడు. నేను పది అనుకునేసరికి గంట మోగింది.

ఉలిక్కిపడ్డాను. పాత పెట్టెలకి నేను ఇరవై అనేసరికి మోగేది. తర్వాతి పెట్టెకి కావాలని లెక్కపెట్టాను. మళ్లీ పది. ఆ తర్వాతది కూడా పదే.

గంట తొందరగా మోగుతోందక్కా అన్నాను. ముందే మోగితే మంచిదేగా, ఆలస్యమైతే ఏడవాలి గాని అంది బెల్లక్క, చుక్క అంటిస్తూ. లోపలి గదిలోంచి చిప్పన్న కూడా అదే అన్నారు. వాళ్లనీ తప్పుపట్టలేను. అదివరకు నేను భయపడి ఆపించినవి ఒకటీ రెండూ కాదు. వైరు రంగు తేడాగా ఉందని ఒకసారి, గంట గొంతు బొంగురుగా ఉందని ఒకసారి మొత్తం పనంతా ఆపించాను. ప్రతిసారీ ఏమీ ఉండేది కాదు.

“కోడిగుడ్డుకి ఈకలు పీకాలంటే నీ తర్వాతే పిల్లా ఎవరైనా,” అంది బెల్లక్క.

“గడువు ఎంత పెడుతున్నావక్కా?”

“పది. ఎప్పుడూ పదే కదా.”

ఆ మాట అన్నాక ఆమె చేయి గాలిలో ఆగింది. బల్ల మీద గడువు పెట్టే మీట చేత్తో తిప్పాలి. పెట్టెలో ఏ గడువున్నా, బల్ల మీదున్నప్పుడు ఈ మీట చెప్పిందే లెక్క. ఇన్నాళ్లుగా పది దగ్గరికి తిప్పీ తిప్పీ ఆమె వేళ్లకే ఆ దారి తెలుసు. పది అంటే అప్పుడు ఇరవై సెకన్లు, ఇప్పుడు పదే సెకన్లని ఆమెకి తెలియక కాదు. వేళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే.

సర్లే, పదికి మోగిన గంట ఇరవైకి మోగదా ఏంటి, అని తనే సర్దుకుంది. నాకూ అదే నిజమనిపించింది. అయినా లోపల ఏదో తొలుస్తోంది. నా కోసం ఒక్కటి ఇరవై పెట్టి చూడక్కా అని బతిమాలాను. వ్యాను వచ్చే వేళకి నీ చాదస్తం ఒకటి అని గొణుగుతూనే మీట తిప్పింది. మోటారు ఆపింది. ఈసారి నేను పైకే లెక్కపెట్టాను.

పదిహేను. పదహారు. పదిహేడు. పంతొమ్మిది దగ్గర బెల్లక్క చుక్క తీసి వేలి మీద పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఇరవై.

గంట లేదు.

ఇరవై అయిదు. ముప్ఫై. బెల్లక్క పెట్టెను తట్టింది. కింద కొట్టులో ఎవరో టైరులోకి గాలి కొడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నేను వంగి పెట్టె మీదున్న చిన్న తెర చూశాను. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, సున్నా. ఒకటి, రెండు. తిత్తి చప్పబడి అట్టకి అతుక్కుపోయి ఉంది. పెట్టె మాత్రం, ఇప్పుడే ఎవరో ఊపిరి తీసుకున్నట్టు, నిమ్మళంగా మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతోంది.

నాలుగు బిట్లు. నేనిచ్చిన నాలుగు బిట్లే. పదిహేను దాటి ఒకటి కలిపితే పట్టుకోవడానికి అయిదో బిట్టు లేదు, అందుకని నాలుగూ ఆరిపోయి సున్నా అవుతుంది. లెక్క ఇరవైకి ఎప్పటికీ చేరదు. చేరనప్పుడు గంట ఎందుకు మోగుతుంది? చిప్పన్న లెక్క మార్చారు, నా గది మారలేదు. బెల్లక్క పది దగ్గరే చూసింది, పదిహేను లోపలే కాబట్టి మోగింది.

అప్పుడు పొద్దుటి మాట బుర్రలోకి వచ్చింది. నేనెత్తుకుంటే అరవదు. పిల్ల నా దగ్గరుందని దానికి తెలుసు.

గోడ గడియారం చూశాను. పాప పడుకునే వేళ. అత్తయ్య డాబా మీద బట్టలారేసే వేళ. నేనే పంపిన వేళ.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఇంట్లో ఫోన్ మోగితే పాప లేస్తోందని దాని నోరు నొక్కేసింది నేనే, అది గుర్తొచ్చి నా చేతిలో ఫోను విసిరికొట్టాలనిపించింది. పక్కింటావిడకి చేశాను, ఆవిడ పనిలో ఉన్నట్టుంది, ఎత్తలేదు. చిప్పన్న బయటికొచ్చారు. ఆ ఫీల్డు పదిహేను దాటదన్నా, మా పాప దాని మీదే పడుకుంది, అన్నాను. ఆయన తెర వైపు ఒక్కసారి చూశారు. ఏమంటారో వినడానికి ఆగలేదు. మెట్లు దిగుతుంటే వెనక బెల్లక్క గొంతు, వ్యాను ఆపమని.

బస్సులో కూర్చోలేకపోయాను. సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను, అలా నిలబడితే బస్సు తొందరగా పోతుందన్నట్టు. నా నోరు మళ్లీ మొదలుపెట్టింది. కాని దేనికి లెక్కపెట్టాలి? ఎదురుగా పొట్ట లేదు. ఒకటి, రెండు అంటూ పోతోంది, పదిహేను దగ్గరికి రాగానే ముందుకు పోనంటోంది. డ్రైవరు ప్రతి స్టాపులో ఎవరో చుట్టం వస్తాడని ఎదురుచూస్తున్నట్టు ఆపుతున్నాడు. ఒక పెద్దావిడ సంచీ పైకి అందుకుంటుంటే, ఆవిడ మీద అంత కోపం ఎందుకొచ్చిందో నాకే తెలియదు. మా వీధికి ఒక స్టాపు ముందే వాహనాలు ఆగిపోయాయి. దిగి పరిగెత్తాను. చెప్పు తెగింది, రెండోది కూడా అక్కడే వదిలేశాను.

తలుపు దగ్గరగా వేసి, బయటినుంచి గొళ్లెం పెట్టి ఉంది. తీశాను. గదిలో చీకటి చేయడానికి కిటికీకి కట్టిన దుప్పటి. మంచం మీద పాప. పక్కన స్టూలు మీద పెట్టె, పచ్చదీపంతో నిబ్బరంగా. ఆ దీపం వైపు చూడలేదు. పాప పొట్ట మీద చేయి వేశాను.

ఒకటి.

రెండు.

మూడు. నాలుగు.

చేయి లేచింది.

ఎత్తుకోలేదు. ఇంకో ఊపిరి చూద్దామనుకున్నాను, తర్వాత ఇంకోటి. మంచం పక్కన నేల మీద కూలబడి, చేయి మాత్రం పైనే ఉంచి, ఎన్ని చూశానో. కాసేపటికి నా ఊపిరి కూడా దారికొచ్చాక, పాపను రెండు చేతులా ఎత్తుకున్నాను. మీట ఆపకుండానే. పెట్టె ముందు నిలబడి లెక్కపెట్టాను. ఇరవై అయింది, నలభై అయింది. పరుపు మీద ఎవరూ లేరు. పెట్టెకి ఉలుకూ పలుకూ లేదు.

అత్తయ్య ఖాళీ బకెట్‌తో గుమ్మంలో నిలబడింది. “అదేంటమ్మాయ్, ఈ వేళప్పుడు? కాళ్లకి చెప్పులేవి?”

చెప్పాను. ముందూ వెనకా కలగాపులగంగా చెప్పాను. ఆవిడ బకెట్ కింద పెట్టి, మధ్యలో అడ్డురాకుండా విన్నది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ పాప అరికాలిని బొటనవేలితో ఒకసారి రాసి, పెట్టె వైపు చూసింది.

“అయితే నన్ను గుర్తుపట్టి కాదన్నమాట ఊరుకుంది.”

“కాదత్తయ్యా.”

“మొద్దులా నిద్రపోతోందన్నమాట. నీతో పాటు.”

పాపను ఇంకో భుజానికి మార్చుకున్నాను.

“పొద్దున్నే చెప్పాను కదే నీకు.”

“చెప్పారు.”

“ఔనత్తయ్యా అన్నావు.”

“అన్నాను.”

ఆవిడ మంచం మీద కూర్చుంది. రోజూ డాబా మీద పక్కింటావిడతో కబుర్లు చెప్పుకుంటూ, ఒక చెవి ఎప్పుడూ కిందే వేసి ఉంచేదట. గంట వినపడలేదంటే పిల్ల బాగుందనుకునేదట. ఆ చెవిని ఇప్పుడు ఏం చేయాలో తెలియనట్టు చేత్తో రుద్దుకుంది.

నా ఫోన్ మోగింది. చిప్పన్న. మొదటి మాట పాప గురించే. బాగుందన్నాను. తర్వాత చెప్పారు, వ్యాను ఖాళీగా పంపించేశారట, బెల్లక్క అన్ని పెట్టెల మీది పచ్చచుక్కలనీ గోళ్లతో గీకి తీసేస్తోందట. వార్డు డాక్టరుకి తనే ఫోన్ చేసి, ఇంకా ఆగాలని చెప్పారట. తప్పు ఎవరిదన్న మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే ముగ్గురికీ తలా ఇంత వచ్చేది.

మర్నాడు పాపను వదిలి రావడం నా వల్ల కాలేదు. పాపను తీసుకెళ్తానంటే అత్తయ్యా వెంట వస్తానంది. ముగ్గురం టైర్ల కొట్టు మెట్లెక్కాం. బెల్లక్క కుర్చీ ఖాళీ చేసి అత్తయ్యని కూర్చోబెట్టింది. ఆవిడ ఒళ్లో పాపను పెట్టుకుని, బల్ల మీది తిత్తిని అనుమానంగా చూస్తూ, అదేంటి, దీనికి తల లేదేం అంది.

చిప్పన్న, నేను స్ట్రక్చర్ ముందు కూర్చున్నాం. ఇరవై పట్టాలంటే అయిదు బిట్లు కావాలి. ఇల్లు నిండిపోయి ఉంది, ఎవరో ఒకరు జరగాలి. బ్యాటరీకి రెండు చాలన్నారాయన. నిండుగా, సగం, తక్కువ, అయిపోయింది, ఈ నాలుగు తెలిస్తే ఎవరికైనా సరిపోతుంది. అలా మూడోది ఊపిరి లెక్కకి వచ్చింది. మళ్లీ పదహారే. ఆయన అంతటితో లేవబోయారు. నాకు మాత్రం కాలు గాలిన పిల్లిలా ఉంది. ముప్ఫైఒకటి దాటితే అయిదు బిట్లు కూడా సున్నా అవుతాయి కదా. రేపెవరో గడువు నలభై చేస్తారు. మళ్లీ ఎవరో టీ గ్లాసులు కడుగుతూ తలూపుతారు.

“దాచిపెట్టే బట్టలు మడతపెడతామన్నా,” అన్నాను. “ఒంటి మీదున్నదాన్ని మడతపెట్టం కదా.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. దాచే లెక్కలు వేలల్లో ఉంటాయి, వాటిని ఇరికించక తప్పదు. కాని గంట మోగించాలా వద్దా అని ఇప్పుడు, ఈ క్షణం లెక్కపెడుతున్నది ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్కదానికి ఒక పూర్తి ఇంటు ఇస్తే ఏం పోయింది? దాన్ని కూడా తీసుకెళ్లి ఆ ఇరుకులో ఎందుకు పెట్టాం? చిప్పన్న గడ్డం గోక్కున్నారు. ఆ బంగళా ఐడియా మొదట్లో నాదేగా అన్నారు. అవునన్నా, ఒక్కటి మాత్రం మీరే కరెక్టు అన్నాను. ఇక దాచేదాంట్లో లెక్క నిండితే ముప్ఫైఒకటి దగ్గరే ఆగిపోయేలా, సున్నాకి తిరగకుండా ఒక లైను ఆయనే రాశారు.

బల్ల మీద మీట దగ్గర పది అన్న గీత మీద బెల్లక్క నల్ల టేపు అంటించింది. ఇరవై పెట్టి మోటారు ఆపింది. నలుగురం పైకి లెక్కపెట్టాం, అత్తయ్య మా అందరికన్నా ఒక అంకె వెనకబడి. పదిహేను దగ్గర నేను ఆగిపోయాను. మిగతావాళ్లు పదహారు అన్నారు. ఇరవై దగ్గర గంట మోగింది. నలభై పెట్టి చూశాం, నలభైకి మోగింది. బెల్లక్క చుక్క అంటించబోయి, నా ముఖం చూసి, ఇంకోసారి చేసింది.

సాయంత్రం మా పెట్టెను సరిచేసి ఇంటికి తెచ్చాం. పరుపు కింద అట్ట, స్టూలు మీద పెట్టె, అన్నీ మళ్లీ ఎక్కడివక్కడ. పాప పడుకుంది. నేను మూలకి ఒదిగి కూర్చోబోతుంటే అత్తయ్య అంది:

“ఎత్తు.”

“ఇప్పుడే పడుకుందత్తయ్యా.”

“ఎత్తమన్నానా. మీట ముట్టుకోకు.”

ఎత్తాను. ఇద్దరం ఆ పెట్టె ముందు, ఎవరో పెద్దమనిషి ఎదుట నిలబడ్డట్టు నిలబడ్డాం. ఆవిడ వేళ్ల మీద, నేను నోటితో. పంతొమ్మిదికీ ఇరవైకీ మధ్య ఎంత దూరముంటుందో ఆ రోజే తెలిసింది. గంట మోగింది. పాప రెండు చేతులూ చాచి ఉలిక్కిపడి, నోరంతా తెరిచి ఏడవడం మొదలుపెట్టింది. పక్కింట్లోంచి ఎవరో ఏమైందని అరిచారు. అత్తయ్య ముఖం విప్పారింది.

“ఇప్పుడు నమ్ముతాను దీన్ని,” అని, పాప ఏడుపు ఆగి మళ్లీ కళ్లు మూసుకున్నాక, తడిబట్టల బకెట్ ఎత్తుకుంది. గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చి బకెట్ నా ముందు పెట్టింది.

“నువ్వెళ్లి ఆరేసి రా. నేనిక్కడ కూర్చుంటాలే.”

నేను బకెట్ తీసుకుని మెట్లెక్కాను. డాబా మీద గాలి బాగా వస్తోంది. తీగ మీద మొదటి బట్ట దులిపి వేసేసరికి నా నోరు ఎనిమిది దాకా వచ్చింది.